ముదురు రంగు కార్లపై సుడిగీతలు: కారణాలు, తొలగించే విధానం, జాగ్రత్తలు

నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు రంగుల కార్లు నీడలో నిలిపి ఉన్నప్పుడు అద్దాన్ని తలపిస్తాయి. అవే కార్లను మిట్టమధ్యాహ్నపు ఎండలో గాని, రాత్రి వీధిదీపం కింద గాని చూస్తే, వెలుగు ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు వేలకొద్దీ సన్నని గీతలు కనిపిస్తాయి. షెడ్లలో వీటిని స్వర్ల్ మార్కులు అంటారు. ఈ వ్యాసంలో వీటిని 'సుడిగీతలు' అని వ్యవహరిద్దాం.

సరిహద్దు గ్రామాలలో కారు చాలా కుటుంబాలకు కేవలం విలాస వస్తువు కాదు. పంట డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో కొన్న ఆ బండే ఆసుపత్రికి, పెళ్ళికి, అవతలి రాష్ట్రంలోని బంధువుల ఇంటికి ఆధారం. అవసరం వచ్చి అమ్మబోతే కొనేవారు ఇంజను కంటే ముందు చూసేది రంగునే. అయితే మెరుపు కోసం తొందరపడి చేయించే 'రబ్బింగ్' వలన కలిగే నష్టం చాలామందికి తెలియదు. రంగు పైపొర ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. కనుక ఏది పోగొట్టదగిన గీత, ఏది వదిలివేయవలసిన గీత అన్న వివేచన మొదట అలవడాలి. పని ఆ తరువాతి మాట.

రంగు కింద ఏముంది?

కారు రేకు మీద రంగు ఒకే పూత కాదు. అన్నిటికంటే కింద ఇనుము తుప్పు పట్టకుండా విద్యుత్ పద్ధతిలో అంటించిన పొర ఉంటుంది. దానిపై ప్రైమర్, దానిపై అసలు రంగు, అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శకమైన పొర. ఈ చివరి దానిని క్లియర్ కోట్ అంటారు. 1980ల నుండి ప్రపంచ కార్ల పరిశ్రమలో ఈ పద్ధతి విస్తరించింది. ఎండను, వానను, గీతను మొదట భరించేది ఈ పారదర్శక పొరే.

దీని మందం ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాన్. కొత్త కారుపై పూతలన్నీ కలిపి సాధారణంగా 100 నుండి 140 మైక్రాన్ల వరకు ఉంటాయి. అందులో క్లియర్ కోట్ సుమారు 35 నుండి 50 మైక్రాన్లు. మనం జిరాక్స్ తీయించే తెల్లకాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు. అంటే కారు మెరుపంతా ఆ కాగితంలో సగం మందం కూడా లేని పొర మీద ఆధారపడి ఉంది.

సుడిగీతలు ఈ పారదర్శక పొరలోనే పైపైన, ఒకటి రెండు మైక్రాన్ల లోతున ఉంటాయి. అందుకే వాటిని తొలగించడం సాధ్యం. తొలగించడం అంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగుభాగం వరకు చుట్టూ ఉన్న పొరను సమంగా అరగదీయడం. పాలిష్ అంటే ఇదే. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

గీతలు గుండ్రంగా ఎందుకు కనబడతాయి?

చేతిని గుండ్రంగా తిప్పి తుడవడం వలననే గుండ్రని గీతలు పడ్డాయని చాలామంది అనుకుంటారు. ఇది సగం మాత్రమే నిజం. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పీచుతో ఏళ్ళ తరబడి తోమిన స్టీలు కంచాన్ని బల్బు కింద పట్టుకొని చూడండి. బల్బు ప్రతిబింబం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కంచాన్ని కదలించకుండా తలను పక్కకు జరపండి. వలయాలు కూడా ప్రతిబింబంతో పాటు జరుగుతాయి. నిజంగా గుండ్రంగా చెక్కిన గీతలైతే అవి ఉన్నచోటనే ఉండవలసింది.

జరుగుతున్నది వేరు. కంచం మీద అన్ని దిక్కులకూ గీతలు ఉన్నాయి. వాటిలో వెలుగు మన కంటికి చేరే దారికి అడ్డంగా ఉన్నవి మాత్రమే వెలుగును కంటివైపు మళ్ళిస్తాయి. మిగిలినవి కనబడవు. అలా కనబడే చిన్న ముక్కలన్నీ కలిసి వెలుగు చుట్టూ వలయంలా తోస్తాయి. కారు మీద కూడా ఇదే జరుగుతుంది. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు చేతిని నిలువుగా ఒకే దిశలో నడపమని చెప్పడానికి కారణం ఇదే. పొరపాటున గీత పడినా అది ఒక కోణం నుండి మాత్రమే కనబడుతుంది.

ముదురు రంగుకే ఈ శిక్ష ఎందుకు?

తెల్ల కారు మీద కూడా ఇన్ని గీతలే పడతాయి. కాని తెలుపు రంగు తన మీద పడిన వెలుగును అంతటా వెదజల్లుతుంది కనుక గీత నుండి వచ్చే కొద్దిపాటి తళుకు అందులో కలిసిపోతుంది. నలుపు రంగు వెలుగును మింగివేస్తుంది. ఆ చీకటి నేపథ్యంలో ప్రతి గీతా తెల్లని దారంలా వెలుగుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్క గీత కనిపించడం, తెల్లగోడ మీద అదే గీత కనిపించకపోవడం వంటిదే ఇది.

మరొక చిక్కు వేడి. ముదురు రంగు ఎండను ఎక్కువగా గ్రహిస్తుంది. ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ మీద చేయి పెట్టలేము. అటువంటి రేకుపై నీరు క్షణాలలో ఆరి లవణాల మచ్చలు మిగులుతాయి. పాలిష్ మందు కూడా పని చేయకముందే ఎండిపోతుంది.

గీతలు పుట్టే చోట్లు

గీతకు మూలం దుమ్ము. దుమ్ములోని ఇసుకరేణువు క్వార్ట్జ్ అనే ఖనిజం. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మాపకంపై దాని స్థానం 7. మామూలు చాకు ఇనుము సుమారు 5.5. ఇక రెసిన్‌తో చేసిన కారు పైపొర ఈ రెండింటి ముందు ఎంత? కాబట్టి గుడ్డ ఎంత మెత్తనిదైనా, దానికీ రేకుకూ నడుమ ఇసుక ఉంటే అది గరుకు కాగితమే అవుతుంది.

మన ప్రాంతాలలో ఈ దుమ్ము రకరకాలు. బళ్ళారి, సండూరు ప్రాంతాల వారికి ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము. కృష్ణగిరి, హోసూరు వైపు గ్రానైట్ పొడి. సిరొంచ వంటి గోదావరి తీరప్రాంతాలలో ఇసుక. యానాం, బరంపురం వైపు వారికి వీటికి తోడు ఉప్పుగాలి. పావగడ, అనంతపురం మెట్ట ప్రాంతాలలో బోరునీటి కాఠిన్యం మరొక బెడద.

దుమ్మును గీతగా మార్చేవి మన అలవాట్లే:

పొద్దున్నే బండి తీసే ముందు పొడిగుడ్డతోనో, ఈకల కుంచెతోనో దుమ్ము దులపడం. గీతలలో అధికభాగం దీని వలననే పడతాయి.

పాత పంచె, తువ్వాలు, బనియను ముక్కలతో తుడవడం. వీటి అంచుల కుట్లు, అతుకులు కూడా గీస్తాయి.

ఒకే బకెట్టు నీటిలో గుడ్డను ముంచి, పిండి, మళ్ళీ తుడవడం. మూడవసారికి ఆ బకెట్టులో ఉన్నది బురదనీరే.

దుమ్ము మీదనే కవరు కప్పడం. గాలికి కవరు ఊగినంతసేపూ రేకు రుద్దుకుంటూనే ఉంటుంది.

పండుగలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. కర్ణాటకలోను, తమిళనాడులోను ఆయుధపూజ నాడు బండికి విభూతి, గంధం, పసుపు, కుంకుమ అలంకరించడం ఆచారం. పూజలో దోషం లేదు. మరునాడు ఆ ఎండిన పొడిని పొడిగుడ్డతో రుద్ది తీయడంలోనే దోషం. నీళ్ళు ధారగా పోసి నానబెట్టి కడగాలి. నిమ్మరసం, గుమ్మడికాయ రసం రేకుపై చిందితే ఎండకముందే కడిగివేయాలి. పెళ్ళి కారుకు పూలదండలు అంటించే ప్లాస్టరు టేపును రోజుల తరబడి ఉంచకూడదు. ఎండకు కరిగిన జిగురును గోటితోనో, బ్లేడుతోనో గీకడం వలన పడే గీతలు సుడిగీతల కంటే లోతైనవి.

ముందు పరీక్ష, తరువాతనే పని

గీతలన్నీ ఒకటి కావు. శుభ్రంగా కడిగిన రేకుపై గోటి అంచును గీతకు అడ్డంగా మెల్లగా నడపండి. గోరు ఎక్కడా తగలకుండా జారిపోతే ఆ గీత పైపైనదే, పాలిష్‌తో పోవడానికి అవకాశం ఉంది. గోరు తగిలి ఆగితే అది లోతైనది. దానిని పూర్తిగా తీయబోతే పైపొరే ఉండదు. అటువంటి గీత అంచులను కొంత నునుపు చేసి ఎదురుగా కనబడకుండా చేయవచ్చు గాని మాయం చేయలేము. గీతలో తెల్లని లేదా బూడిదరంగు ప్రైమర్ గాని, ఇనుము గాని కనిపిస్తే పాలిష్ మాట మరచిపోయి రంగు తాకించవలసిందే. ఇనుము బయటపడిన చోట జాప్యం చేస్తే తుప్పు పడుతుంది.

రెండవ పరీక్ష, అసలు క్లియర్ కోట్ ఉందా లేదా అన్నది. పాత బండ్లపైన, ఊళ్ళో తిరిగి రంగు వేయించిన బండ్లపైన ఒక్కొక్కసారి అది ఉండదు. తెల్లని గుడ్డకు కొద్దిగా పాలిష్ అద్ది ఒక మూల రుద్ది చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన పారదర్శక పొర లేదని అర్థం. దానినీ పాలిష్ చేయవచ్చు, కాని నేరుగా రంగే అరుగుతుంది కనుక మరింత మితంగా చేయాలి. కొత్తగా రంగు వేయించిన భాగమైతే అది పూర్తిగా గట్టిపడడానికి కనీసం ఒక నెల విడిచిపెట్టడం మంచిది. అంతవరకు మైనం కూడా పూయకూడదు.

మూడవది, పూత మందం కొలిచే మీటరు. మంచి షాపులలో ఇది ఉంటుంది. రేకుపై ఆనిస్తే మైక్రాన్ల లెక్క చూపుతుంది. చుట్టూ 110, 120 ఉండి ఒక తలుపు మీద మాత్రం 200 దాటితే ఆ తలుపుకు మళ్ళీ రంగు వేశారని ఊహించవచ్చు. పాత కారు కొనేవారికి కూడా ఇది ఎంతో ఉపయోగం. ఎక్కడైనా లెక్క 80 కంటే తగ్గితే ఆ చోట ఇదివరకే బాగా అరగదీశారని అనుమానించి పాలిష్ జోలికి పోకపోవడమే మేలు. మామూలు మీటరు ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు.

మెరుపు లేని 'మ్యాట్' రంగు ఉన్న బండికి ఎన్నడూ పాలిష్ చేయకూడదు. ఆ రంగు స్వభావమే చెడిపోతుంది.

కడిగే పద్ధతి

పాలిష్ చేసినా, చేయకపోయినా, సరిగా కడగడం నేర్చుకుంటే సగం గీతలు అసలు పుట్టవు.

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, అంటే తెల్లవారిన తరువాత గాని, పొద్దు వాలిన తరువాత గాని కడగాలి. మొదట గుడ్డ తాకించకుండా పైపుతోనో, చెంబుతోనో ధారాళంగా నీరు పోసి వదులుగా ఉన్న మట్టినంతా జార్చివేయాలి. చక్రాలను ముందుగా, వేరే గుడ్డతో కడగాలి. వాటి బ్రేకు పొడి రంగును తాకకూడదు.

రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో వట్టినీరు. మైక్రోఫైబర్ చేతితొడుగును షాంపూ నీటిలో ముంచి ఒక భాగం తుడిచి, వట్టినీటిలో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. మట్టి వట్టినీటి బకెట్టు అడుగున చేరుతుంది. పైకప్పు నుండి కిందికి రావాలి. తలుపుల అడుగుభాగం, బంపర్లు అన్నిటికంటే మురికివి కనుక వాటిని చివరకు వదలాలి. చేతిని నిలువుగా నడపాలి, నొక్కకూడదు. తొడుగు నేలమీద పడితే దానిని పక్కన పెట్టి మరొకటి తీసుకోవాలి.

గిన్నెల సబ్బు, బట్టల పొడి వాడకూడదు. అవి రక్షణ కోసం పూసిన మైనాన్ని కడిగివేస్తాయి.

చివరిగా పోసే నీటి విషయంలో జాగ్రత్త అవసరం. బోరునీటిలోని కాల్షియం లవణాలు ఆరిన తరువాత తెల్లని చుక్కలుగా నిలుస్తాయి. నల్ల రేకుపై అవి మరీ ప్రస్ఫుటం. వాననీరు పట్టి ఉంచుకుంటే చివరి జాడింపుకు శ్రేష్ఠం. నీటిశుద్ధి యంత్రం నుండి వృథాగా పోయే నీటిని కారు కడగడానికి వాడుతున్నవారు ఉన్నారు. ఆ నీటిలో లవణాలు మామూలు నీటికంటే ఎక్కువ సాంద్రంగా ఉంటాయి. చక్రాలకు, నేలకు సరే గాని, రంగుపై చివరిగా పోయడానికి అది పనికిరాదు. నీరు ఆరకముందే దళసరి మైక్రోఫైబర్ తువ్వాలును రేకుపై పరచి అద్ది తీయాలి. ఇదివరకే పడిన తేలికపాటి చుక్కలకు తెల్ల వెనిగరులో సమానంగా నీరు కలిపి, గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఉంచి, బాగా కడిగివేస్తే చాలావరకు పోతాయి.

మట్టిముద్దతో శుభ్రం

కడిగిన రేకుపై పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కున్న వేళ్ళను నడిపి చూడండి. గరుకుగా తగిలితే దుమ్ము, తారు, ఇనుప పొడి రంగులో గుచ్చుకొని ఉన్నాయని అర్థం. వాటిని అలాగే ఉంచి పాలిష్ చేస్తే అవే కొత్త గీతలు గీస్తాయి. వీటిని తీయడానికి 'క్లే బార్' అనే జిగురుమట్టి దొరుకుతుంది. రేకును షాంపూ నీటితో బాగా తడిపి, ఆ ముద్దను చదును చేసి, నొక్కకుండా జార్చాలి. మురికి పట్టిన వైపును లోపలికి మడుస్తూ ఉండాలి. ముద్ద కింద పడితే ధర చూసి మోహపడక పారవేయాలి. ఒక్క ఇసుకరేణువు చాలు, శ్రమంతా వృథా. ఈ పని కూడా రేకును కొద్దిగా గీస్తుంది. కనుక పాలిష్ చేయదలచినప్పుడే దీనిని చేపట్టాలి.

పాలిష్ చేసే విధానం

దీనికి రెండు రకాల యంత్రాలు ఉన్నాయి. రోటరీ యంత్రం ఒకే ఇరుసు మీద గిరగిర తిరుగుతుంది. వేగంగా కోస్తుంది, అంతే వేగంగా వేడి పుట్టిస్తుంది. అనుభవం లేని చేతిలో క్షణంలో అంచులు కాలుతాయి. నల్ల కారుపై 'హోలోగ్రాం' అనే పొడవాటి నీడచారలను మిగిల్చేది కూడా ఇదే. డ్యుయల్ యాక్షన్ యంత్రం తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది. నిదానమైనది, సురక్షితమైనది. ఇంట్లో నేర్చుకునేవారు దీనినే ఎంచుకోవాలి.

ముందుగా నల్లని ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరు అంచులకు, పేరు పలకలకు, దీపాల అంచులకు పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించాలి. రేకు మడతలు తిరిగే గీటుల మీద, తలుపు అంచుల మీద పూత పలుచగా ఉంటుంది. అక్కడ యంత్రాన్ని నిలపకూడదు.

తరువాత కారంతటికీ దిగకుండా బానెట్ మీద అడుగున్నర చదరపు చోటు ఎంచుకొని ప్రయోగం చేయాలి. మొదట అన్నిటికంటే మెత్తని స్పాంజి ప్యాడు, అన్నిటికంటే సన్నని పాలిష్‌తో మొదలుపెట్టాలి. గీతలు పోతే అంతకంటే గట్టిదాని అవసరమే లేదు. పోకపోతేనే ఒక మెట్టు గరుకైన దానికి వెళ్ళాలి. చాలినంత మెత్తనిది వాడడమే ఈ విద్యలోని ప్రధాన సూత్రం. ప్యాడ్ల రంగు చూసి గరుకుదనం అంచనా వేయకూడదు. ఒక కంపెనీ పసుపు మరొక కంపెనీకి వేరు. అట్టపై రాసినది చదవాలి. ప్రయోగం కుదిరిన తరువాత అదే ప్యాడు, అదే మందు, అదే వేగం మిగతా కారుకు వర్తింపజేయాలి.

పని క్రమం ఇది. ప్యాడుపై శనగగింజంత చుక్కలు నాలుగు వేయాలి. యంత్రం నడపకముందే ప్యాడును రేకుపై ఆనించి మందు పులమాలి. లేకుంటే గోడలన్నీ చుక్కలే. తక్కువ వేగంతో పరచి, ఆ తరువాత మధ్యస్థ వేగానికి పెంచాలి. ప్యాడు రేకుపై సమతలంగా ఉండాలి. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, ముందటి వరుస సగం కప్పుతూ, మొదట అడ్డంగా, తరువాత నిలువుగా నడపాలి. ఇలా నాలుగైదు మార్లు చాలు. యంత్రం బరువుకు కొద్దిగా చేయి ఆనిస్తే సరిపోతుంది, ఒంటి బలం మోపనక్కరలేదు. మధ్యమధ్య రేకును అరచేతితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరి, చేయి ఉంచలేనంత వేడెక్కితే ఆపాలి.

మందును శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి టార్చి వెలుగులో పరిశీలించాలి. ఇక్కడ ఒక మోసం పొంచి ఉంది. పాలిష్‌లోని నూనె గీతలను తాత్కాలికంగా పూడ్చి, అవి పోయినట్లు భ్రమింపజేస్తుంది. కనుక ఐసోప్రొపైల్ ఆల్కహాలును నీటిలో పలుచగా కలిపి, ఆ నీటితో రేకును తుడిచి అప్పుడు చూడాలి. కనిపించేది అప్పటి సంగతే నిజం. ఈ ద్రవం త్వరగా నిప్పు అంటుకొనేది. దగ్గర బీడీ, సిగరెట్టు, పొయ్యి ఉండకూడదు. కంటికి అద్దాలు, ముక్కుకు గుడ్డ పెట్టుకోవాలి. కరెంటు తీగను భుజం మీదుగా వేసుకొంటే తడినేల తగలదు, రేకును గీయదు.

యంత్రం లేనివారు చేతితో చేయవచ్చు. మెత్తని స్పాంజికి సన్నని పాలిష్ అద్ది, అరచేయి వెడల్పు చోటును నిలువుగా, ఆపై అడ్డంగా నిదానంగా రుద్దాలి. గీతలు పూర్తిగా పోవు, తగ్గుతాయి. తలుపు పిడి వెనుక గోళ్ళు గీసిన గుంటల వంటి చోట్లకు యంత్రం ఉన్నవారు కూడా చేతినే వాడాలి.

ముదురు రంగుకు అదనంగా ఒక మెట్టు

తెల్ల కారుకు గరుకు మందుతో ఆపివేసినా ఎవరికీ తెలియదు. నల్ల కారుకు అలా కుదరదు. గరుకు మందు పాత సుడిగీతలను తీసి, వాటికంటే సన్నని మసకను మిగులుస్తుంది. నీడలో కనబడదు, ఎండలో పాలు ఒలికినట్లు కనబడుతుంది. అందుకని చివర తప్పనిసరిగా కొత్త మెత్తని ప్యాడు, మెరుగు పాలిష్‌తో మరొక మారు నడపాలి. గరుకు మందు అంటిన ప్యాడును దీనికి వాడకూడదు. కిటికీల నడుమ ఉండే నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ పట్టీలు రేకు కంటే సున్నితమైనవి. వాటిని సాధ్యమైనంతవరకు చేతితోనే, మెత్తగా ముగించాలి.

రక్షణ పూత

పాలిష్ చేసిన రేకుపై రక్షణ పూత వేయాలి. మైనం రకాలలో కార్నౌబా ప్రసిద్ధం. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి అది లభిస్తుంది. మంచి నిగ్గు ఇస్తుంది, మన ఎండలకు ఎక్కువ నెలలు నిలవదు. కృత్రిమ సీలెంట్లు అంతకంటే ఎక్కువ నిలుస్తాయి. సిలికా ఆధారమైన సిరామిక్ పూతలు సరిగా వేస్తే ఏడాదికి పైగా నిలుస్తాయి. నీరు, దుమ్ము తేలికగా జారిపోతాయి. అయితే సిరామిక్ వేస్తే గీతలే పడవన్నది అతిశయోక్తి. ఇసుక గుడ్డకు అంటితే దానిమీద కూడా గీత పడుతుంది. పైగా గీతలు తీయకుండా ఈ పూత వేస్తే వాటిని భద్రపరచినట్లే అవుతుంది.

షాపులో అడగవలసిన ప్రశ్నలు

ఎల్లదాటి పక్క పట్టణానికి పోయి పని చేయించేవారికి భాష కంటే షాపు మాటలే అడ్డు. బోర్డు కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా, మరాఠీలో ఉన్నా ఈ నాలుగు మాటలు అన్నిచోట్లా ఇంగ్లీషువే. 'కాంపౌండ్' అంటే గరుకు మందు. 'పాలిష్' అంటే సన్న మందు. 'గ్లేజ్' లేదా 'ఫిల్లర్' అంటే గీతను పూడ్చి దాచేది. 'కోటింగ్' అంటే రక్షణ పూత. ఏది వాడుతున్నారో అడిగి తెలుసుకోవడం యజమాని హక్కు.

గీతలు తీస్తారా, దాస్తారా అని సూటిగా అడగండి. ఆల్కహాలుతో తుడిచి చూపమనండి. ఒక చిన్న చోట ప్రయోగం చేసి, మీరు చూసి ఒప్పుకొన్న తరువాతనే మిగతా పని మొదలుపెట్టమనండి. పనికి ముందు, తరువాత మీటరు లెక్కలు చూపమనండి. కారంతటినీ సక్రమంగా దిద్దడానికి ఒక రోజు, ఒక్కొక్కసారి రెండు రోజులు పడుతుంది. గంటలో కొత్త బండిలా చేసి ఇస్తామన్న చోట దొరికేది పూడిక మెరుపే. మూడు నాలుగు కడుగుళ్ళకు గీతలు మళ్ళీ బయటికి వస్తాయి. పూడిక తప్పు కాదు, అమ్మేవాడు అది పూడికేనని చెప్పకపోవడం తప్పు.

ప్రతి దసరాకూ 'రబ్బింగ్' చేయించే అలవాటు ఉన్నవారు ఈ లెక్క వేసుకోవాలి. గరుకు మందుతో ఒకసారి రుద్దితే రెండు మూడు మైక్రాన్లు పోయాయనుకుందాం. పదేళ్ళకు ఇరవై ముప్పై మైక్రాన్లు. మొదట ఉన్నదే నలభై. పలుచబడిన పొర ఎండకు తాళలేక తెల్లబారి, పొక్కులై, పొరలుగా లేస్తుంది. ఆ స్థితికి మందు లేదు, మొత్తం రంగు వేయించడమే శరణ్యం.

ఇంటి చిట్కాల నిజానిజాలు

పళ్ళపొడి పేస్టులో కొద్దిపాటి రాపిడి పదార్థం ఉంటుంది. అతి చిన్న గీతను మసకబార్చగలదు గాని, దాని గరుకుదనం మన అదుపులో ఉండదు. నల్ల రంగుపై దాని జాడ మిగులుతుంది. కొబ్బరినూనె గీతను ఒక పూట దాస్తుంది, ఆపై దుమ్మును ఆకర్షించి కొత్త గీతలకు కారణమవుతుంది. కిరోసిన్ తారును కరిగిస్తుంది, కాని ఆ జిడ్డును పూర్తిగా కడగకపోతే మైనం నిలవదు. బూడిద, ఇసుకపొడి, గిన్నెలు తోమే పీచు, ఇటుకపొడి రంగుకు ప్రత్యక్ష శత్రువులు. నీటితో వాడే గరుకు కాగితం నిపుణుల చేతి పరికరం. దానితో ఇంట్లో ప్రయోగాలు తగవు.

తరువాతి సంరక్షణ

ఒకసారి దిద్దిన రంగును నిలుపుకోవడం యజమాని దినచర్య మీద ఆధారపడి ఉంటుంది. పొడిగుడ్డ తాకించరాదు. పక్షిరెట్ట పడితే తడిగుడ్డ కప్పి నాననిచ్చి ఎత్తివేయాలి, రుద్దరాదు. రెట్టలోని ఆమ్లగుణం ఎండతో కలిస్తే కొద్ది గంటలలోనే రంగును తినివేస్తుంది. చింతచెట్టు, వేపచెట్టు నీడ చల్లనిదే గాని, వాటి జిగురు, పక్షులు రెండూ రంగుకు చేటు. రేకుల చూరు మేలు. మైక్రోఫైబర్ గుడ్డలను నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి, సువాసన ద్రవాలు వేయకూడదు.

రక్షణ పూతను దాని రకాన్ని బట్టి పునరుద్ధరించండి. సన్నని పాలిష్ అవసరమైనప్పుడు మాత్రమే, గరుకు మందు అరుదుగా. అద్దంలాంటి నల్ల కారుపై వంద గీతలలో తొంభై పోయి పది మిగిలితే ఆ పదింటిని అలాగే ఉండనివ్వండి. వాటి కోసం అరగదీసే పొర రేపు మీ పిల్లలు ఆ బండిని నడిపేనాటికి ఎండనుండి దానిని కాపాడవలసిన పొర.